జ్వరం బల్ల

బడి, నా గది
బడి తెరిచిన రెండో వారం

కడుపునొప్పి మహారాజుకి,

నీ కూతురు క్షేమం. నువ్వు వదిలి వెళ్ళిన రోజు గేటు ఊచలు పట్టుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. సాయంత్రానికి పక్కింటి గోడ మీద పిల్లి కనబడితే దాని వెంట పడి నిన్ను శుభ్రంగా మర్చిపోయింది. కాబట్టి నువ్వు ఆ కొండల్లో కూర్చుని కన్నీళ్ళు కార్చక్కర్లేదు. అక్కడ ఫోను మోగదని, సామాను లారీతోనే ఉత్తరాలు వస్తాయని అన్నావు. నాకదే నయం. ఫోనులో నువ్వు సగం మాటలు మింగేస్తావు, కాగితం మీద తప్పించుకోలేవు.

పిట్టకి నా మంచం పక్కనే మంచం వేశాను. బీరువాలో కింది అర ఖాళీ చేసి బట్టలు సర్దాను. వాళ్ళమ్మ ఫొటో ఆ బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. రోజూ పొద్దున గౌను తీసేటప్పుడు చూసుకుంటుంది, నేను చూడనట్టు ఊరుకుంటాను. తల్లి లేని పిల్ల కదా అని నెత్తిన పెట్టుకుంటే పాడైపోతుంది. ఇంట్లో అత్తని, గేటు దాటితే టీచర్ని అని ముందే చెప్పాను. బుద్ధిగా తలూపింది.

మా బడిలో పిల్లలు మానెయ్యడం అన్నది ఇప్పుడు దాదాపు లేదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నాలుగు చినుకులు పడితే సగం తరగతి ఇంట్లోనే ఉండేది. ఏం చేశానో తెలుసా? నా గది బయట, గోడకి ఎదురుగా ఒక బల్ల వేయించాను. ఒంట్లో బాగాలేదన్న పిల్లలు ఇంటికి కాదు, ముందు ఆ బల్ల మీదికి రావాలి. గోడని చూస్తూ విరామం గంట దాకా కూర్చోవాలి. అప్పటికీ తగ్గకపోతే ఇంటికి పంపుతాను. పిల్లలు దానికి జ్వరం బల్ల అని పేరు పెట్టారు. దాని మీద కూర్చున్న జ్వరాలు చాలావరకు గంట కొట్టకముందే దిగిపోతాయి. వారమంతా అందరూ వచ్చిన తరగతికి శనివారం మైదానం ముందుగా ఇస్తాం. ఒక్కరు మానేసినా ఆ తరగతికి మైదానం పోతుంది. మానేసినవాణ్ణి పిల్లలు 'చిల్లు' అని పిలుస్తారు. నేను నేర్పలేదు, వాళ్ళే కనిపెట్టారు.

ఈ విద్యంతా ఎవరి మీద నేర్చుకున్నానో వేరే చెప్పాలా? నీ ఒక్కడి కడుపునొప్పులకే నాకు డాక్టరు పట్టా ఇవ్వాలి.

మీ అక్క


సొరంగం పని దగ్గర, రేకుల షెడ్డు

హెడ్ మిస్ట్రెస్ గారి దివ్య సముఖానికి,

ఆ బల్లలో నాకు వాటా రావాలి. నేను లేకపోతే అది నీకు తట్టేదా?

నాకింకా గుర్తుంది. నేను కడుపు పట్టుకుని మంచం మీద దొర్లుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి, "అయ్యో, సాయంత్రం సర్కస్‌కి వెళ్దామనుకున్నామే, వీడికిలా అయిందేం" అనేదానివి. నేను ఎగిరి లేచి చొక్కా వెతుక్కునేవాణ్ణి. నువ్వు ఆ చొక్కాతోనే నన్ను బరబరా బడికి లాక్కెళ్ళేదానివి. ఎన్నిసార్లు మోసపోయినా మళ్ళీ సర్కస్ అనగానే లేచేవాణ్ణి చూడు, నా అంత వెర్రివాడు లేడు.

పిట్ట నా కూతురు. నాటకం దాని రక్తంలోనే ఉంది. మూలిగినా ముక్కినా అస్సలు నమ్మకు. దీన్నే నా అనుమతి పత్రం అనుకో.

ఇక్కడ కొండ తొలిచే యంత్రం మొదలైతే పక్కవాడి మాట పెదాలు చూసి తెలుసుకోవాలి. పనివేళ అయిపోయాక కూడా అందరం అరుచుకుంటూనే ఉంటాం, ఉప్పు అందుకో అనడానికి కూడా యుద్ధం జరుగుతున్నట్టే. తిండి బాగానే ఉంది. రాత్రిళ్ళు పక్కన పిల్ల లేకపోవడమే బాగాలేదు. అది నా చెయ్యి మీద తల పెట్టి పడుకునేది, తెల్లారేసరికి చెయ్యి మొద్దుబారిపోయేది. ఇప్పుడు చెయ్యి హాయిగా ఉంది, నాకే నిద్ర పట్టట్లేదు. ఈ పని అయ్యేదాకా దానికి నువ్వే అమ్మవీ నాన్నవీ. నీ దగ్గరుంది కాబట్టే నేనిక్కడ నిలబడగలుగుతున్నాను.

నీ కడుపునొప్పి


బడి, నా గది
వానలు పట్టుకున్నాయి

ఒరేయ్,

నువ్వన్నంతా అయింది. మీ పిట్ట రంగప్రవేశం చేసింది.

ఈ వానలకి బడంతా దగ్గులు, చీదుళ్ళు. బల్ల మీద చోటు చాలట్లేదు. దీనికీ ఒక జలుబు తగిలింది, పోయింది. నిన్న పొద్దున లేవగానే చెవి పట్టుకుని కూర్చుంది. "అత్తా, లోపల పోటు పొడుస్తోంది" అంది. చెవి లాగి చూశాను, పైకి ఏమీ లేదు. జడ వేసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చాను. ప్రార్థన అయ్యాక నా గదికి వచ్చి ఒక కాగితం నా బల్ల మీద పెట్టింది. "టీచర్ గారికి, నాకు చెవి లోపల నొప్పి. ఈ రోజు సెలవు ఇవ్వండి. ఇట్లు పిట్ట." నవ్వాపుకోలేకపోయాను. అయినా వదలలేదు. 'విధేయురాలు' రాయలేదని ఎర్ర సిరాతో దిద్దాను. కింద పెద్దవాళ్ళ సంతకం లేనిదే సెలవు చీటీ చెల్లదని చెప్పి తిప్పి ఇచ్చాను. సంతకం పెట్టాల్సిందీ నేనే, సెలవు ఇవ్వాల్సిందీ నేనే. రెండు పక్కలా నేనే ఉంటే ఇంకెక్కడికి పోతుంది?

బల్ల మీద కూర్చోబెట్టాను. విరామం గంట కొట్టేసరికి లేచి పిల్లలతో పాటు వానలో పడవలు వదులుతోంది. నొప్పి ఏమైందే అంటే, "తగ్గింది టీచర్" అంది. చూశావా? సర్కస్ కూడా అక్కర్లేకపోయింది. "ఇంకోసారి ఈ నాటకాలాడావంటే చూడు" అని గట్టిగానే చెప్పాను.

హెడ్ మిస్ట్రెస్ మేనకోడలికే సెలవు దొరకలేదని తెలిసి మిగతా పిల్లలు కూడా దారికొచ్చారు. ఆ విధంగా అది బడికి మేలే చేసింది.

మీ అక్క


సొరంగం, షెడ్డు

అక్కోయ్,

చెవినొప్పా! ఇంత తేలికైంది నాకు ఒక్కనాడూ తట్టలేదు చూడు. కడుపైతే ఒత్తి చూస్తారు, జ్వరమైతే చెయ్యి పెట్టి చూస్తారు. చెవి లోపలికి ఎవరు దూరి చూస్తారు? తండ్రిని మించిపోయింది. నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను, పగలబడి నవ్వారు. ఆ 'విధేయురాలు' దగ్గర మా వంటమనిషికి పొలమారింది.

లారీ డ్రైవరుతో దానికి ఎర్ర రిబ్బన్లు పంపుతున్నాను. నాన్న బల్ల మీద కూర్చోకుండానే పెద్దవాడయ్యాడని, నువ్వూ అలాగే అవ్వాలని చెప్పు.

నీ తమ్ముడు


బడి, నా గది
చలి మొదలైంది

తమ్ముడూ,

రిబ్బన్లు అందాయి. నీ కూతురి మీద మాత్రం ఫిర్యాదుల చిట్టా తయారైంది, ఓపిగ్గా విను.

పిల్ల మొండికేస్తోంది. పిలిస్తే పలకదు. ఏం చెప్పినా చెవిన పెట్టదు. మూడో తరగతి టీచరు కూడా అదే అంటోంది: కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుందట, ప్రశ్న అడిగితే "ఆఁ?" అంటుందట. ఆ "ఆఁ?" అనడం ఎక్కడ నేర్చిందో గానీ వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతోంది. గట్టిగా కసిరితే అప్పుడు పేరుకు తగ్గట్టు పిట్టలాగే తల ఒక పక్కకి వాల్చి నా మొహంలోకి చూస్తుంది. కోపమంతా ఆ చూపుకే పోతుందనుకో, అది వేరే సంగతి.

దాని పక్కన కూర్చునే పిల్ల చోటు మార్చమని గొడవ. వాసనొస్తోందట. నాకు తల కొట్టేసినట్టయింది. నా ఇంట్లో పెరిగే పిల్ల దగ్గర వాసనా? అప్పటినుంచి రోజూ పొద్దున్నే దగ్గరుండి తలస్నానం చేయిస్తున్నాను. చెంబుతో నీళ్ళు పోస్తుంటే గింజుకుంటుంది, కేకలు పెడుతుంది, వీధంతా వినబడేలా. దిండు గలీబు కూడా రోజూ మార్చాల్సొస్తోంది. నీలాగే చొంగ కారుస్తుంది, పసుపుపచ్చ మరకలు.

మంచి కబురు కూడా ఉంది. ఈ ఏడాది ఆదర్శ పాఠశాలల ఎంపికలో మా బడి ఆఖరి విడత దాకా వచ్చింది. హాజరులో మాకు సాటి లేదట. తనిఖీ బృందం త్వరలో వస్తుంది. ఇన్నేళ్ళ నా కష్టానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు బాగుందనాలి కదరా.

మీ అక్క


సొరంగం, షెడ్డు

అక్కా,

ఈ ఉత్తరం అందిన రోజే, అందిన గంటలోనే, పిట్టని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నవ్వుకుంటూనే చదివాను. మర్నాడు ఇక్కడ పనివాళ్ళ చెవులు చూడ్డానికి డాక్టరొచ్చాడు. యంత్రం దగ్గర పనిచేసే మా పెద్దాయన ఒకడున్నాడు, ఎప్పుడు మాట్లాడినా మెడ పక్కకి వాల్చి మన మొహంలోకి చూస్తాడు. అది ఆయన అలవాటనుకునేవాణ్ణి. "ఈ చెవి పోయింది, అందుకే రెండోది మనవైపు తిప్పుతున్నాడు" అన్నాడు డాక్టరు. జేబులోంచి నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. తల వాల్చడం, పలకకపోవడం, వాసన, దిండు మీద పచ్చ మరకలు. ఆయన నవ్వలేదు. "అది చొంగ కాదు, చెవిలోంచి చీము. చెవిలో చుక్క నీరు పడకూడదని ఆవిడకి రాయి, ఈ రోజే రాయి" అన్నాడు.

రోజూ తల మీద నీళ్ళు పోస్తున్నావు అక్కా. అది నాటకానికి కేకలు పెట్టట్లేదు.

నేను రాసింది వేళాకోళం. అదంతా మర్చిపో. సెలవు అడిగాను, నా బదులు మనిషి దొరకగానే వస్తాను. ఈలోగా నువ్వు తీసుకెళ్ళు. బడి మానిపించి తీసుకెళ్ళు.

తమ్ముడు


బడి, నా గది

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి కంగారుపడ్డ మాట నిజం. తలస్నానాలు ఆపేశాను. కానీ నువ్వు ఊహించుకున్నంత ఏమీ లేదు, నేనే పరీక్ష చేశాను. అది బొమ్మలు గీసుకుంటుంటే వెనక నిలబడి, పెదాలు కదిలీ కదలకుండా "బిస్కెట్ కావాలా?" అన్నాను. టక్కున తిరిగింది! లెక్కలు అడిగితే వినబడని చెవికి బిస్కెట్లు భేషుగ్గా వినబడుతున్నాయి. మన సర్కస్ మందు ఇప్పటికీ పనిచేస్తోంది.

అయినా నీ తృప్తి కోసం శనివారం తీసుకెళ్తాను. గురువారం తనిఖీ. ఆ ఒక్క రోజు ఒక్క పేరు కూడా ఖాళీ ఉండకూడదు. ఊళ్ళో పిల్లలందరినీ మూలుగుతున్నా రప్పించి నా ఇంటి పిల్లని నేనే మానిపిస్తే ఏ మొహం పెట్టుకుని నిలబడను? రెండు రోజుల్లో మునిగిపోయేదేమీ లేదు. ఇంతకాలం చూసుకున్నదాన్ని, నాకు తెలియదా?

మీ అక్క


ఆసుపత్రి వరండా

తమ్ముడూ,

పిట్టకి జ్వరం ఎక్కువైంది. వెంటనే ఆసుపత్రికి తీసుకొచ్చాను. చెవి వెనక వాచింది, ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. మీ సైటు ఆఫీసుకి కబురు చెయ్యమని బతిమాలి, ఈ చీటీ లారీ డ్రైవరు చేతికే ఇస్తున్నాను. బయల్దేరి రా.

అక్క


ఆసుపత్రి ఎదురు సందు, అద్దె గది

హెడ్ మిస్ట్రెస్ గారికి,

మీరు రోజూ వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటున్నారని తెలుసు. పిల్లని రేపు ఇంటికి పంపుతున్నారు. ఆ ఇల్లు మీది కాదు. బీరువాలో దాని బట్టలు, తలుపుకున్న ఫొటో మీ బడి ఆయమ్మ చేతికిచ్చి పంపండి.

కుడి చెవి పోయింది. ఇక రాదు. చీము చెవి వెనక ఎముకని తినేసిందట, ఇంకాస్త ఆగితే మెదడుకి పాకేదట. ఎడమ చెవి ఉంది. మీరు బిస్కెట్ అన్నప్పుడు విన్నది ఆ చెవే.

"వెంటనే తీసుకొచ్చాను" అని రాశారు. నేను నమ్మాను. మీ మాట నేనెప్పుడు నమ్మలేదు గనక? గురువారం ఏం జరిగిందో ఆయమ్మ చెప్పింది. పొద్దున ప్రార్థనలోనే అది వాంతి చేసుకుందట. మీరు మొహం కడిగించి, గౌను మార్పించి, తీసుకెళ్ళి ఆ బల్ల మీద కూర్చోబెట్టారు. విరామం గంట కొట్టారు. తనిఖీ వాళ్ళు వచ్చారు. వాళ్ళు తరగతులు చూశారు, మీ గదిలో కాఫీలు తాగారు, భోజనం చేశారు. ఆ గది తలుపు పక్కనే, గోడ వైపు మొహం పెట్టి నా కూతురు కూర్చుని ఉంది. బల్ల మీద వాలిపోతే, నిద్రపోతోందనుకుని ఎవరూ కదపలేదు. వాళ్ళలో ఒకాయన ఈ పాప ఎవరని అడిగితే, "మా మేనకోడలేనండీ, కాస్త నలత, అయినా బడి మానదు" అని మీరు చెప్పారట. ఆయన మెచ్చుకున్నాడట.

వాళ్ళ కారు గేటు దాటాక మీరు దాన్ని ఎత్తుకుని పరిగెత్తారు. చెప్పులు కూడా లేకుండా వీధిలో పరిగెత్తారని ఆయమ్మ మీ తరఫున చెప్పుకొచ్చింది. పొద్దున్నే బయల్దేరి ఉంటే చెప్పులేసుకుని నడిచినా సరిపోయేది.

రెండు పక్కలా మీరే ఉన్నారు. అది ఎటు తిరిగి చెప్పుకోవాలి?

పిట్ట నాన్న


ఇంటి నుంచి

తమ్ముడూ,

బట్టలు, ఫొటో పంపాను. గీసుకున్న బొమ్మలు కూడా పెట్టాను.

నన్ను 'మీరు' అన్నావు. చిన్నప్పుడు ఎంత కొట్టినా నువ్వు నన్ను మీరు అనలేదు.

నేను చేసింది తప్పు కాదని అనను. కానీ మొత్తం నా నెత్తినే రుద్దుతావా? "మూలిగినా ముక్కినా అస్సలు నమ్మకు" అని రాసిందెవరు? అనుమతి పత్రం అని రాసిందెవరు? అది చెవి పట్టుకుని కూర్చున్న సంగతి నేను దాచలేదు, ఉన్నదున్నట్టు నీకు రాశాను. నువ్వు షెడ్డులో పదిమందికి చదివి వినిపించి నవ్వించావు. అప్పుడు "డాక్టరుకి చూపించు" అని ఒక్క ముక్క నువ్వు రాసి ఉంటే? తండ్రివి నువ్వు. అది చెయ్యి మీద తల పెట్టి పడుకునేదని బెంగపడ్డావే, ఆ తలలో ఏం జరుగుతోందో నీకూ తెలియలేదు కదరా.

నీ చేతి రాత నా దగ్గరే ఉంది. పారెయ్యలేను, చూడనూ లేను.

మీ అక్క


బడి, నా గది

తమ్ముడూ,

జవాబు రాయలేదు. రాయవని తెలుసు. నువ్వు సొరంగం పని మానేసి, పిట్టని తీసుకుని ఊరు మారావని ఆయమ్మే చెప్పింది. ఈ చిరునామా ఆమెను బతిమాలి తీసుకున్నాను.

మా బడి ఆదర్శ పాఠశాల అయింది. ఇత్తడి పలక ఇచ్చారు, గుమ్మం పైన బిగించారు. ఫొటో తీసేటప్పుడు నవ్వమన్నారు, నవ్వాను. ఇది కూడా నీకు ఎందుకు చెబుతున్నానంటే, ఇక ఏదీ దాచదలుచుకోలేదు.

పలక బిగించిన మర్నాడే బల్ల తీయించేశాను. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఇంట్లో ఉండమని తరగతి తరగతికీ తిరిగి నా నోటితో చెప్పాను. పిల్లలు నవ్వారు. వాళ్ళని పట్టుకోడానికి ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నారు. మొన్న నా గదిలోంచి బయటికి వస్తే, రెండో తరగతి పిల్ల ఒకర్తి, ఒంటి నిండా దద్దుర్లు, బల్ల ఉండే చోట గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఇంటికి వెళ్ళమ్మా అంటే వెళ్ళదు. "ఇంకా గంట కొట్టలేదు టీచర్" అంటుంది. నేనే ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాను. దారంతా, "మా క్లాసుకి మైదానం పోదు కదా?" అని అడుగుతూనే ఉంది.

దాని మొహం ఒక్కసారి చూపించరా. మాట్లాడను. ఎడమ వైపు కూర్చుంటాను, అంతే.

అక్క


టైలరు కొట్టు పైన గది

అక్కా,

నీకు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

అవును, అది నేనే రాశాను. నువ్వు నా ఉత్తరం చూడలేకపోతున్నావు, నాకు అది చూడకుండానే అక్షరం అక్షరం కనబడుతోంది. నిన్ను తిట్టినప్పుడల్లా సగం తిట్లు తిరిగి నాకే తగులుతున్నాయి, అందుకే తిట్టడం మానేశాను. క్షమించానని మాత్రం అనుకోకు. నన్ను నేను క్షమించుకుంటే అప్పుడు నీ సంగతి చూస్తాను.

ఇక్కడ సిమెంటు గోదాములో పని చూసుకున్నాను. పిట్టని దగ్గర్లోని బడిలో వేశాను. ఎడమ చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెడుతున్నారు. బాగానే చదువుతోంది. వీధిలో మాత్రం చెయ్యి వదలను, కుడి వైపు నుంచి వచ్చే బండి దానికి తెలియదు.

నువ్వు రావద్దు. అది నీ మీద కోపంతో లేదు, ఒక్క మాట కూడా అనలేదు. అందుకే రావద్దంటున్నాను.

నిన్న పొద్దున లేచేసరికి తనే స్నానం చేసి, గౌను వేసుకుని, సంచీ తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రిబ్బను కట్టడానికి దగ్గరికి లాక్కుంటే ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి, నిలబడలేక తలుపు పట్టుకుని ఉంది. "ఇంత జ్వరం పెట్టుకుని చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

తల వాల్చి నా మొహంలోకి చూసింది. తప్పు చేసి దొరికిపోయినట్టు నవ్వింది.

"ఏం లేదు నాన్నా. నాటకమే. బడికి వెళ్తా" అంది.